అమ్మని గొర్రె

అంగట్లో గొర్రెలను తూచే కాంటా ఉండదు. ఉండేవి రెండు చేతులు. కొనేవాడు పొట్టేలు వెనక్కి వచ్చి, దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు బొటనవేళ్ళతో నడుము మీద అదుముతాడు. వెన్నుపూస ముల్లులా వేలికి తగిలితే ఇంకా రెండు నెలల మేపు బాకీ ఉన్నట్టు. వేలు మెత్తగా దిగి, పూస ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే కండ పట్టినట్టు. అక్కణ్ణుంచి చేయి తోక మొదటికి జారుతుంది. అక్కడ కొవ్వు ఎంత చేరిందో చూసుకుంటుంది. ఆ తర్వాత తొడ. చివరగా ఛాతీ కింద చేతులేసి ఒక్కసారి లేపి దించుతాడు. ఇదంతా కావడానికి నిమిషం కూడా పట్టదు. "పదమూడు కిలోలు పడతది" అంటాడు. అమ్మేవాడు "పదిహేను" అంటాడు. ఆ రెండు కిలోల సందులోనే బేరమంతా నడుస్తుంది.

"పడతది" అన్న మాటలోనే లెక్క ఉంది. తల, తోలు, కాళ్ళు, పేగులు తీసేస్తే బతికున్న బరువులో సుమారు సగం మాంసంగా మిగులుతుంది. ముప్పై కిలోల జీవం పద్నాలుగో పదిహేనో కిలోలు పడుతుంది. కానీ పొద్దున్నే కడుపునిండా నీళ్ళు తాపి తెచ్చిన గొర్రె బరువు వేరు, రాత్రంతా నడిచొచ్చిన గొర్రె బరువు వేరు. ఉన్ని దట్టంగా ఉన్నది కంటికి లావుగా కనిపిస్తుంది. చూలుతో ఉన్నది చేతికి బరువుగా తగులుతుంది. వేళ్ళు ఇవన్నీ మినహాయించుకుని చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం మటన్ కిలో 700 రూపాయలకు మించి అమ్మొద్దంది. ఆ ధర చొప్పున చూసినా, అంచనా ఒక్క కిలో తప్పితే ఏడువందలు పోయినట్టే. పది జీవాలు పట్టుకున్నవాడికి ఏడువేలు. అంత డబ్బు రెండు బొటనవేళ్ళ మీద నిలబడి ఉంటుంది.

గొర్రె కసాయిని నమ్ముతుందని సామెత. ఆ కసాయి చేతి నేర్పు నిజంగానే మెచ్చుకోదగ్గది. అయినా కరీంనగర్, ఆదిలాబాద్ అంగళ్ళలో నా చూపు ఎప్పుడూ ఎదుటి మనిషి మీదికే పోతుంది. గొంగడి భుజాన వేసుకుని, కట్టె మీద గదవ ఆనించి, తనకేమీ పట్టనట్టు నిలబడే కాపరి మీదికి. కొనేవాడి చేతికి తెలిసేది ఇవాళ్టి బరువు. కాపరికి ఆ జీవం తల్లి తెలుసు, అది ఏ వానకు పుట్టిందో తెలుసు, దాని తోబుట్టువు ఏ రోగానికి పోయిందో తెలుసు. పనితనం అనగానే మనకు నిర్మల్ బొమ్మో, కరీంనగర్ వెండి నగిషీయో గుర్తొస్తాయి. కురుమ, గొల్ల కాపరులు చేసే వస్తువు మంద. అది నడుస్తుంది, ఈనుతుంది, చస్తుంది, ఒక్కరోజూ నిన్నటిలా ఉండదు. దాన్ని మలిచే ఉలి ఒక్కటే. ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో తెలియడం.

మొదటి పాఠం నోట్లో ఉంది. గొర్రెకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, పైన గట్టి చిగురు. ఏడాది దాకా అన్నీ పాలపళ్ళు. ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య నడిమి రెండు ఊడి, వాటి చోట వెడల్పాటివి వస్తాయి. అప్పుడది "రెండు పళ్ళది". రెండేళ్ళ ప్రాంతంలో నాలుగు, మూడేళ్ళు వచ్చేసరికి ఆరు, నాలుగేళ్ళకు ఎనిమిది. కొనేవాడికి పాలపళ్ళంటే లేత మాంసం. కాపరి అవే పళ్ళను ఇంకోలా చదువుతాడు. రెండు పళ్ళంటే తొలిచూలు, పిల్లను దగ్గరికి రానిస్తుందో లేదో చూడాలి. నాలుగు, ఆరు పళ్ళంటే పని నేర్చిన తల్లి. ఎనిమిదీ వచ్చి, మెల్లగా పళ్ళ మధ్య సందులు పడుతున్నాయంటే, రాబోయే ఎండాకాలంలో అది రేగుకంప కొరకలేక మంద వెనక పడిపోతుంది. ఒకే నోరు, ఇద్దరికీ రెండు లెక్కలు.

రెండో పాఠం పొదుగు. గొర్రె చూలు అయిదు నెలలు. ఈనిన మొదటి వారంలో పిల్ల కడుపు నిండుగా, వెన్ను నిటారుగా ఉందంటే తల్లి పాలు మంచివి. పిల్ల వంగి, వణుకుతూ, పొద్దస్తమానం అరుస్తూ ఉంటే తల్లి కండ ఎంతున్నా లాభం లేదు. పొదుగులో ఒక పక్క గడ్డకట్టిందా, చన్ను మొనలు మరీ లావుగా ఉండి పిల్ల నోటికి అందడం లేదా అని కాపరి రోజూ చూస్తాడు. తల్లి చచ్చిన పిల్లను ఇంకో తల్లికి కట్టబెట్టాలంటే పిల్ల ఒంటికి ఉప్పు రాసి నాకిస్తారు. నాకడం మొదలైతే వాసన కలుస్తుంది, వాసన కలిస్తే పాలు ఇస్తుంది. ఇలా రెండు మూడు ఈతలు చూశాక మందలో కొన్నిటికి పేరు పడుతుంది. కర్రెది, బొల్లిది, పొట్టిచెవులది. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు మంచి కాపరి అంకెలు లెక్కపెట్టడు, ముఖాలు చూస్తాడు. నూట ఇరవైలో ఒకటి తగ్గితే, తగ్గింది ఏదో ముందు తెలుస్తుంది, ఎన్ని మిగిలాయో తర్వాత తెలుస్తుంది.

విత్తన పొట్టేలు ఎంపిక ఇంకా కఠినం. అంగట్లో అన్నిటికంటే ముందు అమ్ముడుపోయేది అదే. ఎత్తు, పొడవు, నిండు ఛాతీ ఉన్నది ఏదైనా ఎదురుగా డబ్బు కట్టించుకుంటుంది. కాపరి దాన్నే ఆపుకోవాలి. మందలో ఉన్న మంచి పోతును అమ్ముకుని, మిగిలిన బక్కదాన్ని విత్తనానికి వదిలేవాడి మంద నాలుగేళ్ళలో చిన్నదవుతుంది. తలల సంఖ్య తగ్గదు. జీవాలే చిన్నవవుతాయి. ఈ నష్టం ఏ అంగట్లోనూ కనబడదు కాబట్టి దాన్ని ముందే పసిగట్టేవాణ్ణి పనిమంతుడంటారు.

ఇక రోజువారీ పని. పొద్దున మంచు ఆరకముందే మందను విప్పరు. తడి గడ్డి కొసల మీద నట్టల పిల్లలు ఎక్కి ఉంటాయి. ఎండ తగిలాక విప్పితే ఆ బెడద కొంత తగ్గుతుంది. పిల్లలను గంపల కిందో తడికెల చాటునో ఉంచి, పాలు తాపాక తల్లులను మేతకు తోలుతారు. నడక వేగం కాపరి చేతిలో ఉంటుంది. మరీ తోలితే తిన్నది ఒంటికి పట్టదు, మరీ వదిలితే చేను మీద పడతాయి. మేత అయిపోయిన వేసవిలో పొడుగు కర్రకు కొడవలి కట్టి వేప, జువ్వి, రావి మండలు దింపుతారు. తుమ్మకాయలు రాలే రోజుల్లో మంద ఆ చెట్లకిందే పూట గడుపుతుంది. కోసిన జొన్న మొదళ్ళకు లేత పిలకలు వచ్చాయంటే మాత్రం మంద ఆ దారి తొక్కకూడదు. వాడిన పిలకలు తింటే నాము తగిలి అక్కడికక్కడే పడిపోతాయి. ఇవన్నీ ఎవరూ రాసుకోలేదు. తండ్రి వెనక నడిచిన పిల్లవాడి కాళ్ళకు తెలుసు.

వీటన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసేది చిటుక రోగం. తొలకరికి నేల పచ్చబడుతుంది. ఎండాకాలమంతా ఎముకలు తేలిన మంద ఆ లేత గడ్డి మీద పడి తింటుంది. పది రోజుల్లో ఒళ్ళు నునుపెక్కుతుంది. సరిగ్గా అప్పుడే, అన్నిటికంటే బాగా తిన్న పిల్ల, అన్నిటికంటే ధర పలికే పిల్ల, పొద్దున ఎగిరి దూకి మధ్యాహ్నానికి కాళ్ళు కొట్టుకుని చస్తుంది. పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవి, మేత ఒక్కసారిగా ఎక్కువై కడుపులో నిలిస్తే, చెలరేగి విషం పుట్టిస్తుంది. బక్కది బతుకుతుంది, బలిసింది పోతుంది. అందుకే వానలకు ముందే, మే నెలలోనే టీకా వేయించాలి. టీకా వేయించాక కూడా తెలివైన కాపరి మొదటి వారం మందను పచ్చికలో పూర్తిగా వదలడు. కాస్త ఎండుమేత పెట్టి, కాస్త తిప్పి, కడుపుకు అలవాటు చేస్తాడు. లాభం వచ్చే గడ్డిలోనే నష్టమూ ఉంటుంది. ఈ వృత్తి ఎత్తుపల్లాలను ఇంతకంటే పొట్టిగా చెప్పే పాఠం ఇంకోటి లేదు.

మందకు ఊరు ఒకచోట, మేత ఇంకోచోట. మాఘం దాటితే కరీంనగర్ వైపు మందలు కొన్ని గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల దారి పడతాయి. ఇప్పపూలు రాలే కాలానికి అక్కడుండాలి. దారిలో కోతలైన చేలల్లో రాత్రికి మంద ఆపుతారు. చుట్టూ తడికెలు, మధ్యన గొర్రెలు, ఒక మూల కాపరి. తెల్లవారేసరికి ఆ చెక్కకు పెంట, మూత్రం రెండూ పడతాయి. మరునాడు తడికెలు పక్కకు జరుగుతాయి. చేనంతా ఒక్క తీరుగా ఎరువు పడేలా తడికెలు జరపడం కూడా ఒక పనే. ఎక్కడ ఎక్కువ పడింది, ఎక్కడ తక్కువ పడింది అన్నది వచ్చే పంట రంగు చెప్పేస్తుంది కాబట్టి మోసం దాగదు. రైతు ఒకప్పుడు వడ్లు కొలిచేవాడు, ఇప్పుడు ఎక్కువగా డబ్బిస్తున్నాడు.

ఈ దారులు ఇప్పుడు ఇరుకయ్యాయి. శ్రీరాంసాగర్ కాలువలు, దిగువ మానేరు, ఆ తర్వాత 2019లో మొదలైన కాళేశ్వరం నీళ్ళు. మెట్ట బీళ్ళు వరి మడులయ్యాయి. రైతుకు రెండో పంట వచ్చిన చోట మందకు బీడు పోయింది. నిలిచిన నీటిలో నత్తలు పెరిగాయి, నత్తల వెంట కార్జపు జలగ వచ్చింది. బాగా తిన్న గొర్రె గదవ కింద నీటి సంచిలా వాపు కనబడితే కాపరి గుండె జారుతుంది. గోదావరి అవతలి ఒడ్డున 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడి అడవి మేపు మీద ఆంక్షలు పెరిగాయి. పులి ఉండాలి, వరి పండాలి. ఈ రెంటి మధ్య మంద ఎక్కడ నడవాలో ఎవరూ గీసి ఇవ్వలేదు. కాపరే రోజూ గీసుకుంటున్నాడు.

ధర మాత్రం ఎక్కుతూనే ఉంది. 2017 జూన్ 20న కరీంనగర్‌కు పొరుగున ఉన్న కొండపాకలో గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. రవాణా, బీమాతో సహా లక్షా పాతికవేలు. అందులో 75 శాతం ప్రభుత్వానిది. 2021లో అదే ఇరవై ఒక్క తలలకు యూనిట్ ధర లక్షా డెబ్బై అయిదువేలైంది. తలకు దాదాపు ఆరువేలు ఉన్నది నాలుగేళ్ళలో ఎనిమిదివేలు దాటింది. 2012 లెక్కల్లో తెలంగాణలో గొర్రెలు కోటీ ఇరవై ఎనిమిది లక్షలు, 2019 లెక్కల్లో కోటీ తొంభై లక్షలు. దేశంలోనే మొదటి స్థానం. సంఖ్య పెరిగినా ధర తగ్గకపోవడం చూస్తే తినేవాళ్ళు ఇంకెంత పెరిగారో ఊహించుకోవచ్చు. పంచిన జీవాల్లో కొన్ని దొడ్డి చేరకుండానే మళ్ళీ అమ్ముడుపోయాయన్న మాట కూడా అప్పట్లో బాగా వినిపించింది. అందులో ఆశ్చర్యమేముంది? గొర్రెలను లారీలో తేవచ్చు. మంద లారీలో రాదు. అలవాటులేని నీళ్ళు, కొత్త మేత, ఒకదాన్నొకటి ఎరగని ఇరవై ముఖాలు. వాటిని మందగా కుదిర్చేసరికి రెండు ఈతలు పడుతుంది.

ధర చేసిన ఇంకో పని నెమ్మదిగా జరిగింది. కురుమలు తరతరాలుగా సాకింది నల్లటి దక్కని గొర్రెను. వంగిన ముక్కు, వాలిన చెవులు, ముతక ఉన్ని. చలికీ, జడివానకూ, దూరపు నడకకూ తట్టుకునే ఒళ్ళు. కురుమల్లో ఉన్ని కంకణం వాళ్ళు, పత్తి కంకణం వాళ్ళు అని శాఖలుండేవంటే ఉన్ని వాళ్ళ పెళ్ళి దాకా అల్లుకుందన్నమాట. ఏటా రెండుసార్లు కత్తిరింపు ఉండేది. మాంసం ధర ఎక్కేకొద్దీ ఉన్ని విలువ పడిపోయింది. కత్తిరింపు కూలి కూడా తిరిగిరాని రోజులొచ్చాయి. దాంతో దక్కని తల్లుల మీదికి నెల్లూరు పోతులను వదలడం మొదలైంది. నెల్లూరు గొర్రె దేశంలోని పొడుగు జాతుల్లో ఒకటి. ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకే. తెల్లనిది పల్ల, మచ్చలది జోడిపి, గోధుమ ఎరుపుది దొర. అంగట్లో నిలబెడితే ఎత్తు కనిపిస్తుంది, ఎత్తుకు ధర కనిపిస్తుంది. కాపరిది తప్పనలేం. పిల్లల బడి ఫీజు ఉన్నితో తీరదు కదా.

కానీ ఉన్నితో పోయింది ఏమిటో గొంగడి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. కత్తిరించిన ఉన్నిని రంగుల వారీగా వేరుచేసి, నారితో ఏకి, ఇంట్లో ఆడవాళ్ళు వడికేవారు. అద్దకం లేదు. నలుపు, బూడిద, గోధుమ రంగులు గొర్రె ఇచ్చినవే. పడుగును వీధి పొడవునా పరిచి, ఉడికించి నూరిన చింతగింజల గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెడతారు. అప్పుడు గుంటమగ్గం మీదికి. ఆ గంజి వల్ల కొత్త గొంగడి చెక్కలా బిర్రుగా ఉంటుంది. వాన పడితే నీళ్ళు పైనుంచి జారిపోతాయి. కొప్పెర పెట్టుకుంటే గొడుగు, పరిస్తే పక్క, చలికి దుప్పటి, ఈనిన పిల్లను చుట్టడానికి పొత్తిగుడ్డ, కురుమల దేవుడు బీరప్ప పండుగలో పూజకు ఆసనం. తెలంగాణలో చలికి పేరుపడ్డ ఆదిలాబాద్‌లో ఆరుబయట రాత్రి గడిపే మనిషికి దాని విలువ ఇంకా బాగా తెలుసు. లెక్కలోనూ దానికో చోటుండేది. మాంసం ఎప్పుడో వచ్చే పెద్ద డబ్బు. ఉన్ని ఆరు నెలలకోసారి తప్పకుండా వచ్చే చిన్న డబ్బు. ఆ చిన్న డబ్బు ఉన్నంతకాలం, చేతిలో పైసా లేక తల్లి గొర్రెను అమ్ముకోవాల్సిన పూట కొంత వెనక్కి జరిగేది. ఆ అడ్డుగోడ పోయింది.

ఈ కథ గోదావరి ఒడ్డుది మాత్రమే కాదు. అమెరికాలో కరువులకు మేత లేక, దాణా ఖర్చు భరించలేక పెంపకందార్లు తల్లి ఆవులను పెద్ద ఎత్తున అమ్ముకున్నారు. 2024 జనవరి 1 నాటికి అక్కడి మొత్తం పశువులు 8 కోట్ల 72 లక్షలకు తగ్గాయి. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. పశువులు తగ్గితే ధర ఎక్కుతుంది. ఎక్కిన ధర చూసి మిగిలిన పెయ్యలనూ అమ్మాలనిపిస్తుంది. అమ్మకుండా ఆపుకుంటే అంగట్లో సరుకు ఇంకా తగ్గి ధర ఇంకా ఎక్కుతుంది. కంచె వేసిన వేల ఎకరాల ఆసామికైనా, కొడవలి కర్ర పట్టిన కురుమ మనిషికైనా ఇక్కడ ఎదురయ్యే పరీక్ష ఒకటే. ధర పడిపోయినప్పుడు ఓర్చుకోవడం కష్టమే. ధర బాగున్నప్పుడు చెయ్యి ఆపుకోవడం అంతకంటే కష్టం.

అందుకే పని తెలిసిన కాపరి అమ్మకానికి ఒక పంచాంగం పెట్టుకుంటాడు. బక్రీదుకు ఏ అవిటీ లేని, వయసు నిండిన పొట్టేలు కావాలి. చెవి బాగా చిరిగినా, కొమ్ము మొదలంటా విరిగినా పనికిరాదు. కాబట్టి అలాంటివాటిని ఏడాది ముందునుంచే కంపల్లోకి పోనివ్వకుండా మేపుతాడు. దసరాకు, పెళ్ళిళ్ళకు, రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర రోజులకు పోతులు. శ్రావణంలో, కార్తీకంలో బేరం చల్లబడుతుంది కాబట్టి అప్పుడు అంగట్లో నిలబడాల్సిన అవసరం రాకుండా చూసుకుంటాడు. అమ్మేవి ఎప్పుడూ పోతుపిల్లలు, గొడ్డువి, పిల్లను దగ్గరికి రానీయనివి. పాలున్న తల్లి, దాని ఆడపిల్ల ఈ జాబితాలో ఉండవు. ఇంట్లో ఆపద వచ్చినా ఆ రెంటి దాకా రాకముందే ఇంకేదైనా అమ్ముడుపోవాలి. మంద అంటే అతనికి అమ్మగా మిగిలినవి కాదు, అమ్మకుండా ఆపినవి.

అయినా ఏ గొర్రే శాశ్వతంగా ఆగదు. ఆరేడు ఈతలు ఈని, పళ్ళు అరిగి, మండలు కొరకలేని రోజు బొల్లిదీ అంగడికి వస్తుంది. కొనేవాడు నోరు తెరిచి చూసి పెదవి విరుస్తాడు. నడుము అదిమి, లేపి దించి, తక్కువ ధర చెబుతాడు. కాపరి ఆ ఒక్క జీవం దగ్గర పెద్దగా వాదులాడడు. దాని ధర ఎన్నో ఏళ్ళుగా మందలో వసూలవుతూనే ఉంది. ఎద్దును అమ్మిన రైతు దాని మెడకున్న తలుగు విప్పి తనే ఇంటికి తెచ్చుకోవడం చాలా ఊళ్ళలో ఆనవాయితీ. గొర్రెకు తలుగు ఉండదు. కాపరి దానికి బదులు ముందే ఒకటి దాచుకుని ఉంటాడు. సాయంత్రం ఖాళీ చేతులతో దొడ్డికి వచ్చి తడికె జరిపి ముఖాలు చూసుకుంటున్నప్పుడు, అదే బొల్లి మూతితో, నాలుగు పళ్ళతో, పొదుగు దిగిన ఒక గొర్రె గుంపులోంచి తలెత్తి చూస్తుంది.